ఎవరికీ తెరవని పోర్టు

2003లో ఒక ఉదయం ఆ ఫోను సంభాషణకు హాజరైనవారు, హోదా క్రమంలో: మహదేవపురలో కాంట్రాక్టు ఇవ్వబోయే సంస్థ అధికారిణి ఫాతిమా గారు, ఆమె ఎదుట కూర్చున్న మేనేజరు జయరాజు గారు, హూడిలోని ఆయన ఆఫీసులో, కంప్యూటర్లలోకి బయటివారు వచ్చే దారులను, అంటే పోర్టులను, మూసి ఉంచే ఫైర్‌వాల్ చూసే లిడియా. తన మాట ఎలా చెల్లుతుందో చూపడానికి జయరాజు గారే స్పీకరు ఆన్ చేశారు.

"లిడియా, ఇక్కడి నుంచి మన డేటాబేస్ సర్వర్ కనెక్ట్ కావడం లేదమ్మా. ఫైర్‌వాల్‌లో పోర్టు ఓపెన్ చెయ్యి. మేడంకి డెమో చూపించాల."

"కుదరదు సార్. బయటి నుంచి ఎవరికీ తెరవకూడదని రూలుండాది."

"ఆ రూల్ పెట్టింది నేనే కదమ్మా!"

"నేనడిగినా తెరవొద్దని మీటింగులో చెప్పిందీ మీరే సార్."

"అదేదో మాటవరసకు అన్నాలే."

"అమ్మ ఆపరేషన్ నాడు ఆసుపత్రి నుంచి పని చేస్తాను, ఒక్క గంట తెరవనీయండని బతిమాలినాను. అప్పుడది మాటవరసకు అన్నట్టు లేదే! అమ్మను థియేటర్లోకి తీసుకుపోయేటప్పుడు నేను ఈ కుర్చీలోనే ఉండాను."

"ఇప్పుడదంతా ఎందుకు? కాంట్రాక్టు పోతుంది!"

"పోనీయండి సార్."

ఆపరేషన్ నాటి నుంచి లిడియా దాచుకున్న మాట అది. అవతల కుర్చీ కిర్రుమన్నది. తరువాత వినిపించినది ఫాతిమా గారి గొంతు.

"మీరడిగినా తెరవని మనిషి ఉంటే మా డేటాకు భయం లేదు, జయరాజు గారూ. కాంట్రాక్టు మీకే. కానీ తాళం ఆమె దగ్గరే ఉండాలి. ఆమె చేసిందే సరని మీ నోటితోనే చెప్పండి."

"థాంక్స్ లిడియా."

"సరిగా వినబడలేదు సార్."

జయరాజు గారు గొంతు సవరించుకున్నారు. "నిబంధనను నాకు సైతం సడలించనందుకు లిడియా గారిని సంస్థ తరఫున అభినందిస్తున్నాను."