టేకు బల్లలో తెల్లాకు

ఆ వీధిలో చెక్కపని చేసేవాళ్లు నలుగురున్నా, కోతల మేస్త్రి మాత్రం ఒక్కడే. పొద్దంతా కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ రూటర్ మిషను మీద చెక్క కోస్తాడు, సాయంత్రం టీ కొట్టు దగ్గర కూర్చుని మాటలు కోస్తాడు. రెండో కోతకి కరెంటు కూడా అక్కర్లేదని టీ కొట్టామె అంటుంది. మేస్త్రి ఆ మాటకి కోప్పడడు. కొత్తవాళ్లెవరైనా వస్తే తనే చెప్పుకుంటాడు.

ఆ రోజు బెంచీ పక్కన, దుప్పట్లో చుట్టిన బల్లచెక్క గోడకి ఆనించి ఉంది. అది మేస్త్రి అక్కది. ఆవిడ టైలరు. గుడ్డ కత్తిరించడానికీ ఇస్త్రీకీ వాడే పాత టేకు బల్ల. ఎప్పుడో ఇస్త్రీపెట్టె కాల్చిన చోట గుంటపడి సుద్దగీత వంకరపోతోందనీ, ఆ మచ్చ తీసేసి తెల్లచెక్కతో ఆకేదైనా పొదిగి పెట్టమనీ పోయిన నెల తమ్ముడికిచ్చింది. ఇవాళ తీసుకెళ్లడానికొచ్చి, టీ తాగుతూ బెంచీ చివర కూర్చుంది.

"ఏం లేదండీ, చిన్న ఆకు," అని మొదలుపెట్టాడు మేస్త్రి. ఎదురుగా ప్లంబరూ, రిటైరైన పోస్ట్‌మ్యానూ ఉన్నారు. "కంప్యూటర్లో గీశాను. మొనదేలిన బిట్టు పెట్టి టేకులో గుంట తవ్వించాను, గిన్నెలాగా అంచులు ఏటవాలుగా. తెల్లచెక్కలో అదే ఆకుని అద్దంలో బొమ్మలా తిరగేసి, ఉబ్బెత్తుగా కోయించాను. ఇది దాంట్లోకి బిరడాలాగా దిగాలి. జిగురు రాసి, క్లాంపులు బిగించి, మర్నాడు పైన మిగిలిన చెక్క కోసేశాను. అతుకులో కాగితం దూరితే ఒట్టు."

"అంతేనా? నా పైపు అతుకుల్లో కూడా కాగితం దూరదు," అన్నాడు ప్లంబరు.

అంతవరకూ మేస్త్రి చెప్పింది నిజమే. అక్కడ ఆగితే బాగుండేది. కానీ 'అంతేనా' అన్న మాట ఆయనకి చెవిలో జోరీగలాంటిది, కుదురుగా ఉండనివ్వదు.

"కాగితం సంగతి వదిలెయ్యవయ్యా. మా ఆవిడ వెంట్రుక పెట్టి చూశాను, దూరలేదు. పొద్దున నీళ్లు పోశాను. సాయంత్రానికి చుక్క ఇంకలేదు సరికదా, పోసినదానికంటే రెండు చుక్కలు ఎక్కువే ఉన్నాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓ చీమ వచ్చింది. టేకు మీద నడుస్తూ తెల్లచెక్క మీదికొచ్చింది, ఎక్కడ దాటిందో దానికే తెలీలేదు. వెనక్కెళ్లి చూసుకుంది, మళ్లీ వచ్చింది. అలా మధ్యాహ్నం దాకా తిరిగి తిరిగి, చివరికి నా మొహంకేసి చూసింది."

"చీమ?" అన్నాడు పోస్ట్‌మ్యాన్.

"చీమేనండీ. నేనేం చెప్తాను దానికి? నాకూ కనిపించట్లేదాయె."

"మరి లోపల జాగా లేకపోతే జిగురెక్కడికి పోయింది మేస్త్రిగారూ?" అంది టీ కొట్టామె గ్లాసులు కడుగుతూ.

"మంచి మాట అడిగావమ్మా. రాసిందంతా తిరిగొచ్చి డబ్బాలో కూర్చుంది. నేను మూత పెట్టానంతే."

అక్క నవ్వింది. ఆ నవ్వు చూస్తే మేస్త్రికి హుషారొచ్చింది. నిజానికి ఆ ఆకు మూడోది. మొదటిది తిరగేయడం మరిచిపోయి కోశాడు. రెండోది లోతు చాలక అంచుల్లో గోరు పట్టేంత సందు వచ్చింది. మూడోదానికి రెండు రోజులు పనికిరాని ముక్కల మీద కోసి చూసుకున్నాడు. ఇంత జాగ్రత్త ఏ కస్టమరు పనికీ పడలేదు. ఎందుకు పడ్డాడో ఎవరైనా అడుగుతారేమోనని, కథని ఇంకాస్త పైకి తోశాడు.

"మా పక్క వర్క్‌షాపాయన నమ్మలేదు. ఊడదీసి చూపిస్తానని ఆకుకో కొక్కెం, బల్లకో కొక్కెం వేసి చెరో లారీకి కట్టాడు. లారీలు చెరో వైపు లాగాయి. ఆకు ఊడలేదు. రోడ్డు సాగింది. మన వీధి పోయిన వారం కంటే నాలుగడుగులు పొడుగైంది, గమనించారో లేదో."

"అందుకేనేమో, ఈమధ్య ఇంటికెళ్లేసరికి ఆలస్యమవుతోంది," అన్నాడు పోస్ట్‌మ్యాన్ తలూపుతూ.

"అదే మరి. ఇంకా వినండి. మర్నాడు తలుపు తీస్తే ఆకు అంచున చిగురు. టేకుకీ తెల్లచెక్కకీ తాము వేరువేరన్న గుర్తే లేదు. ఒకే చెట్టనుకుని పెరగడం మొదలెట్టాయి. పువ్వు కూడా పూసేదే, అక్క పని ఆగిపోతుందని నేనే గిల్లేశాను. అక్కడో మచ్చ ఉండేదన్న సంగతి ఆ బల్లే మరిచిపోయింది."

"అన్నీ బానే ఉన్నాయి గానీ," అంది టీ కొట్టామె, "అంత మంచి బల్ల మీద ఇస్త్రీపెట్టె వదిలేసిందెవరు?"

మేస్త్రి ఖాళీ గ్లాసెత్తి టీ తాగబోయాడు.

"నేనే," అంది అక్క. "ముప్ఫయ్యేళ్లయింది. జాకెట్లు ఇస్త్రీ చేసి ఇచ్చి రావడానికెళ్లాను. వచ్చేసరికి ఇల్లంతా పొగ. ఆపే వెళ్లానని నాకు గుర్తు. కానీ బల్ల కాలింది కదా, ఇంక నా గుర్తునేం నమ్మను? అప్పట్నుంచీ తాళం వేసి వీధి చివరిదాకా వెళ్తాను, వెనక్కొచ్చి స్విచ్చి చూసుకుంటాను. ఎన్ని బస్సులు పోగొట్టుకున్నానో."

అక్క అలా వెనక్కెళ్లడం మీద మేస్త్రి ఇదే బెంచీ మీద ఓసారి కథ చెప్పాడు. ఆ కథలో ఆవిడ ఏడుసార్లు వెళ్తుంది. అందరూ పడీ పడీ నవ్వారు.

"నువ్వు ఆపే వెళ్లావక్కా," అన్నాడు. "నేను మళ్లీ వేశాను. మ్యాచికి వెళ్లాలని చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే బయట నుంచి పిలిచారు. అలాగే వదిలేసి పోయాను."

ప్లంబరు నవ్వబోయి ఆగిపోయాడు.

"ఇదీ కోతేనా మేస్త్రీ?" అని మెల్లగా అడిగాడు పోస్ట్‌మ్యాన్.

"కాదండీ."

అక్క చేతిలో గ్లాసు పక్కన పెట్టింది. "ఆ ఆకు ఊడుతుందా?" అంది.

"దేనికక్కా?"

"కింద మచ్చ ఉందేమో చూడాలి."

"లేదు. కాలిన చెక్కంతా మిషను పొడి చేసేసింది. ఆకూ ఊడదు, గట్టిగానే పట్టింది. తొడిమె దగ్గర మాత్రం సన్న సందొచ్చింది. చెక్కపొడి జిగురులో కలిపి పూడ్చాను."

ఆవిడ లేచి దుప్పటి తొలగించి, తొడిమె దగ్గర వేలితో తడిమింది. అక్కడే వేలు ఆగింది. "నాకు అప్పుడే చెప్పాల్సింది రా," అంది, ఆకు మీంచి చూపు తిప్పకుండా.

"భయమేసింది."

"పన్నెండేళ్లప్పుడు భయమేసింది, సరే. ఇరవైకి? ముప్ఫైకి?"

మేస్త్రి దుప్పటి తీసి మడతపెట్టాడు.

మామూలుగా ఆవిడ ఒక్క టీ తాగి, ఇంటి దగ్గర ఏమైందోనని హడావిడిగా లేచిపోయే మనిషి. ఇవాళ మళ్లీ వచ్చి కూర్చుంది. "ఇంకో టీ పొయ్యమ్మా," అంది టీ కొట్టామెతో. "ఇస్త్రీపెట్టె ఆపే వచ్చాను." తమ్ముడికి పక్కన చోటు చూపించింది. "కూర్చో. ఆ రోజు ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పు."

మేస్త్రి కూర్చుని చెప్పాడు. చాలా చిన్న కథ. టీ చల్లారకముందే అయిపోయింది.