మూడొందల అక్షరాల్లో మావయ్య

ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర రెండు బల్లలున్నాయి. ఒకటి అందరిదీ, రెండోది మావయ్యది. అలాగని ఎవరూ రాసివ్వలేదు. ఆయన కూర్చున్నాక పక్కన ఇంకొకరికి చోటుండదు, అంతే. ఒళ్లు పెద్దదని కాదు, మాట్లాడుతున్నంతసేపూ రెండు చేతులూ గాల్లోనే ఉంటాయి. టీ కొట్టాయన ఇప్పటికి చాలా గ్లాసులు పోగొట్టుకున్నాడు.

నిజానికి ఆయన ఒక్క అమ్మాయికే మావయ్య. ఆమె తల్లికి సొంత తమ్ముడు. ఆ అమ్మాయి కూడా అదే ఆఫీసులో, రెండో అంతస్తులో, ఆయన టీములోనే కోడు రాస్తుంది. మిగతావాళ్లంతా ఆయన్ని గురువుగారంటారు. అందులో గౌరవం చెంచాడు, కథ వినాలన్న ఆశ గంపెడు.

ఆ సాయంత్రం మేనకోడలు టీ గ్లాసు పట్టుకుని నిలబడింది గానీ తాగడం లేదు. మాటిమాటికీ ఫోను తీసి మెయిల్ చూసుకుంటోంది. పాపం, ఆమె బాధ ఆమెది. పళ్ల డాక్టర్ల దగ్గర అపాయింట్‌మెంట్లు ఇచ్చే యాప్ ఒకటి వాళ్ల టీము నడుపుతోంది. వేరే దేశాల్లో ఉన్నవాళ్లు అందులో బుక్ చేసుకుంటే తారీఖు ఒకరోజు వెనక్కి పడేది. బుగ్గ వాచిపోయి మనిషి పరుగెత్తుకొస్తే, మీరు నిన్న రావాల్సిందండీ అని తిప్పి పంపేవారు. ఆ తప్పు ఎక్కడుందో ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి పట్టుకుంది ఈ అమ్మాయే. తీరా మీటింగులో టీము మేనేజరు లేచి "మన టీము కనిపెట్టింది" అని చప్పట్లు కొట్టించాడు. అందరితో పాటు ఈమె కూడా కొట్టింది. ఆ రాత్రి దిండు తడిసింది.

అప్పుడే డెవలపర్ల కాన్ఫరెన్స్ ప్రకటన వచ్చింది. అందులో మాట్లాడాలంటే ఏం మాట్లాడతామో ముందే రాసి ప్రపోజల్ పంపాలి. కమిటీ చదివి, నచ్చితే రమ్మంటుంది. మొదటిసారి మాట్లాడేవాళ్లయితే పక్కన అనుభవం ఉన్న మనిషి ఉండాలట, ప్రపోజల్ కూడా ఆ మనిషి ఖాతాలోంచే వెళ్లాలట. అనుభవమంటే మావయ్యే కదా. నెలంతా కూర్చుని ఆమె రాసింది. ఆయన గురించి నాలుగు ముక్కలు చేర్చి పంపే పని ఆయన మీదే పెట్టింది. ఒక్కసారి, ఒక్క గదిలో, ఇది నేను పట్టుకున్నాను అని తన నోటితో చెప్పుకోవాలి. అంతకు మించి ఆమె ఏమీ అడగడం లేదు. గడువు నిన్నటితో సరి. పంపేశాను పో అని రాత్రి మావయ్య ఫోనులో చెప్పాడు.

"అయితే పంపడం అంత తేలికనుకున్నారా?" అని మావయ్య గొంతు సవరించుకున్నాడు. టీ కొట్టాయన పాల గిన్నె కింద మంట తగ్గించాడు. అక్కౌంట్స్ మేడమ్ బ్యాగు ఒళ్లో పెట్టుకుని అందరి బల్ల మీద సర్దుకుంది.

"ఏముందీ, ఈ పిల్ల ఏదో చిన్న బగ్గు పట్టింది. నలుగురికీ చెప్పుకుంటానంది. సరే, పిల్ల ముచ్చట పడింది గదా అని నేనూ ఒక చెయ్యి వేశా. సగం టీ తాగేలోపు రాసేశా, మిగతా సగం తాగుతూ దిద్దేశా. అక్కడిదాకా మామూలే. నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు, మీకు తెలుసు."

"తెలుసండీ," అంది అక్కౌంట్స్ మేడమ్.

"ఇక పంపుదామని బటన్ నొక్కితే కదలదే. ఏమిటా అని లోపలికి తొంగి చూశా. ప్రపంచంలో ఉన్న ప్రోగ్రామర్లంతా ఆఖరి నిమిషంలో అదే బటన్ మీద పడ్డారు. ఒకడి మీద ఒకడు. పాపం, ఆ సర్వర్ మూలుగు నాకు ఇక్కడికి వినిపిస్తోంది. ఇంతలో మన గోడ గడియారం టంగుమంది. తారీఖు మారిపోయింది. ఇంకొకడైతే ఏం చేస్తాడు? లాప్‌టాప్ మూసి, ముసుగు తన్ని పడుకుంటాడు. నేను పడుకుంటానా? ఆ సైటులో కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఒక రూలు ఉంది. భూమ్మీద ఎక్కడో ఒకచోట ఆ తారీఖు మిగిలి ఉన్నంతసేపూ గడువు ఉన్నట్టే. ఎవడు చదువుతాడు అవన్నీ? నేను చదివా."

"అలాంటి రూలు కూడా ఉంటుందా?" అన్నాడు టీ కొట్టాయన. మేనకోడలు నవ్వింది. ఇదీ కోతే అనుకుంది.

"ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? నాకొక ఓడ కెప్టెన్ స్నేహితుడు. చిన్నప్పుడు నా దగ్గర లెక్కలు కాపీ కొట్టేవాడు, ఆ విశ్వాసం ఇంకా ఉంది. వాడు అప్పుడు సముద్రం అవతలి కొసన ఉన్నాడు, ఇంకా నిన్నలోనే ఉన్నాడన్నమాట. ఒరేయ్, నీ ఓడ ఎటు పోతోందిరా అన్నా. తూర్పుకి గురూ, తెల్లారే వైపు అన్నాడు. తెల్లారిందా నా కొంప మునుగుతుంది, వెనక్కి తిప్పరా అన్నా. మారుమాట్లాడితే ఒట్టు. అంత ఓడ, మీద మూడువేల కార్లు, చక్రం ఒక్క తిప్పు తిప్పి పడమటికి పట్టాడు. ముందు నిన్న పారిపోతోంది, వెనక ఇవాళ తరుముకొస్తోంది, మధ్యలో నా ఓడ. ఇంతలో ఆయిలు అయిపోయింది."

"అయ్యో, మరి?"

"మరేముంది మేడమ్, ఓడలో ఉన్నవే కార్లు గదా. అన్నీ స్టార్టు చేసి, రివర్సులో పెట్టి, చక్రాలు నీళ్లలోకి దించమన్నా. మూడువేల కార్ల తెడ్లు. ఓడ నీళ్ల మీద లేచి పోయింది. చేపలు పక్కకి జరిగి దారిచ్చాయట, వాడే చెప్పాడు. వాడు అబద్ధమాడడు."

మేనకోడలికి నవ్వాగలేదు. చిన్నప్పుడు జ్వరం వస్తే మావయ్య పక్కన కూర్చుని ఇలాంటివే చెప్పేవాడు, కథ అయ్యేలోపు మాత్ర మింగించేసేవాడు. ఆమె టీ ఒక గుక్క తాగింది. చల్లారిపోయింది, అయినా బాగుంది.

"ఎంత పరుగెత్తినా సూర్యుడితో పందెం పెట్టుకోలేం గదా? చీకటి పలచబడుతోంది గురూ, నా వల్ల కాదన్నాడు కెప్టెన్. సరే, నువ్వు అక్కడే ఉండు, మిగతాది నేను చూసుకుంటా అన్నా. లాప్‌టాప్ తీసి ఒకే ఒక్క లైను కోడు రాశా. ఏం రాశానో చెప్పను, ప్రమాదం. భూమి ఆగింది."

టీ కొట్టాయన గరిటె ఆపాడు. "భూమా?"

"భూమే. ఎంతోసేపు కాదు, బటన్ నొక్కేంత సేపు."

"ఆగితే సముద్రాలన్నీ ఒలికిపోవూ?"

"అందుకేగా గబుక్కున ఆపలేదు. నిండు బస్సు నడిపేవాడు ఎలా నొక్కుతాడు బ్రేకు? మెల్లగా, విడిచి విడిచి. అలా నొక్కా. ఎవరి గ్లాసులో టీ కూడా తొణకలేదు."

"అందుకేనేమో గురువుగారూ," అంది అక్కౌంట్స్ మేడమ్ ముఖంలో ఏ మార్పూ లేకుండా, "రాత్రి మా ఇంట్లో పాలు అంచుదాకా వచ్చి పొంగకుండా నిలబడిపోయాయి. ఏమిటా అనుకున్నాను."

"చూశారా, గమనించేవాళ్లు గమనిస్తారు. సరే, భూమి ఆగింది, తారీఖు ఆగింది, నేను బటన్ నొక్కా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కమిటీ వాళ్లు పన్నెండుమంది, నిద్ర కళ్లతో ఉన్నవాళ్లు, చదివి కుర్చీల్లోంచి లేచారు. ఇద్దరు ఏడ్చారు. ఒకాయన రాజీనామా చేసి, ఇన్నాళ్లూ నేను చదివింది ఏం చదువు అని వెళ్లిపోయాడు. మిగతా ఉపన్యాసాలన్నీ రద్దు చేస్తాం, మూడు రోజులూ మీరిద్దరే మాట్లాడండి, జనం పట్టరు గనక హాలు కప్పు తీసేస్తాం అన్నారు. నేనే వద్దన్నా. మిగతావాళ్లకీ పిల్లాజెల్లా ఉంటారు గదా, వాళ్ల నోట్లో మట్టి కొట్టడం దేనికి? నొక్కీ నొక్కగానే మెయిల్ వచ్చింది చూడండీ, అది మెయిల్ కాదు, దండకం."

మేనకోడలి నవ్వు అక్కడ ఆగిపోయింది.

"మావయ్యా, మెయిల్ వచ్చిందా?"

"రాకేం?"

"ప్రపోజల్‌లో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. పంపితే అందినట్టు ఇద్దరికీ వస్తుంది. పొద్దుట్నుంచీ చూస్తున్నాను, నాకు రాలేదు."

మావయ్య చేతులు గాల్లోంచి కిందికి దిగాయి. "అదీ, సముద్రం అడుగున కేబుళ్లు ఉంటాయి చూశావా, ఆ ఓడ హడావిడిలో..."

"నీ ఫోను ఇలా ఇవ్వు."

ఇచ్చాడు. మారు మాట్లాడకుండా ఇచ్చాడంటేనే ఆమెకి అనుమానం ముదిరింది. సైటు తెరిచింది. తను నెలంతా రాసిందంతా ఉంది, ఒక్క అక్షరం చెదరలేదు. పైన మాత్రం 'ఇంకా పంపలేదు' అని ఉంది. అడుగున ఒక గడి చుట్టూ ఎర్ర గీత. 'తోడు వక్త గురించి. మూడొందల అక్షరాలు మించరాదు.' ఆ గడిలో మావయ్య రాసింది వేలు పెట్టి లాగుతుంటే వస్తూనే ఉంది, వస్తూనే ఉంది.

"దీనికోసమా? నీ గొప్పలు కత్తిరించలేక నాది ఆపేశావా?" ఆమె ఫోను ఎత్తి ఆయనకి చూపించింది. "పంపేశానని కూడా చెప్పావు. నువ్వు చెబితే నమ్మాను మావయ్యా. గడువు అయిపోయింది, ఇంక అయిపోయింది."

పాలు పొంగి స్టవ్వు మీద పడ్డాయి, టీ కొట్టాయన తుడవలేదు.

"రాత్రంతా తగ్గించాను. తగ్గలేదు," అన్నాడు మావయ్య నేల చూస్తూ. "ఇంటికెళ్లి కూర్చుంటే అయిపోతుందనుకున్నా. ఆ రూలు మాత్రం నిజమే. భూమ్మీద ఎక్కడైనా ఆ తారీఖు ఉన్నంతసేపూ."

ఆమె కిందికి లాగి చూసింది. చీమ తలకాయంత అక్షరాల్లో అదే రాసి ఉంది. మన లెక్కన ఇంకో అరగంట ఉంది. ఆమెకి ఆయన్ని కొట్టాలో కౌగిలించుకోవాలో తెలియలేదు. ముందు ఆ గడి సంగతి చూడాలి. గబగబా పైకి చదవడం మొదలుపెట్టింది, ఏది కొట్టెయ్యాలో అందరికీ వినిపించేలా.

"'ఈ బగ్గు పట్టింది నా మేనకోడలు. మా టీము కాదు, నేనూ కాదు, ఆ పిల్ల ఒక్కతే. ఇది పుట్టగానే ఏడవలేదు. నర్సు చేతి వాచీ వైపు వేలు చూపించింది. చూస్తే అది ఐదు నిమిషాలు వెనక ఉంది.'" ఆమె ఆగింది. "మావయ్యా, ఏమిటిది?"

అక్కౌంట్స్ మేడమ్ ఫోను అందుకుని మిగతాది చదివింది. "'బడిలో చేరిన మొదటి రోజే అన్నం గంట ఆలస్యంగా కొడుతున్నారని కనిపెట్టి ఆ బడి పిల్లలందరి ఆకలి తీర్చింది. తొమ్మిదో ఏట నడుస్తున్న రైలు దిగి, స్టేషన్ గడియారం సరిచేసి, మళ్లీ అదే రైలెక్కింది. పదిహేనో ఏట...'" ఆమె కళ్లజోడు సర్దుకుని కిందికీ పైకీ లాగింది. "గురువుగారూ, ఇది మీ గురించి రాయమన్న గడి. ఇందులో మీరెక్కడా లేరు."

"నా గురించి ఏముంది రాయడానికి?" అన్నాడు మావయ్య. చెవులు ఎర్రబడ్డాయి. "ఆ మీటింగులో ఇది చప్పట్లు కొట్టడం చూశాను. కడుపు రగిలిపోయింది. ఏది తీసేద్దామన్నా చెయ్యి రాలేదు. రైలు తీసేద్దామనుకున్నా, రైలు బాగుంది గదా."

మేనకోడలికి కోపం ఎక్కడ పెట్టిందో దొరకలేదు. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, రెండూ ఒకేసారి రావడంతో పొలమారింది. టీ కొట్టాయన నీళ్లిచ్చాడు. తాగి, ముఖం తుడుచుకుని, గడి మొత్తం ఒక్క వేటుతో ఖాళీ చేసి ఫోను ఆయన చేతిలో పెట్టింది.

"రాయి. ఒక్క ముక్క. నిజం రాయి."

మావయ్య ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. బొటనవేలితో ఒక్కో అక్షరమే నొక్కాడు. 'ఈమెకు మేనమామను.' ఎర్ర గీత పోయింది.

"ఇంకా బోలెడు చోటుంది," అంది అక్కౌంట్స్ మేడమ్.

"చాల్లెండి," అన్నాడాయన.

మేనకోడలు బటన్ నొక్కింది. ఒక్క క్షణానికి రెండు ఫోన్లూ కలిసి మోగాయి. మీ ప్రపోజల్ అందింది, కమిటీ చదివి నెల తర్వాత కబురు చేస్తుంది అని రెండు లైన్లు. ఆమె అది మూడుసార్లు చదువుకుంది. వాళ్లు రమ్మంటారో లేదో తెలియదు గానీ, తన పేరుతో తను పట్టిన తప్పు ఎవరో ఒకరు చదువుతారు. ఆమెకి ఒళ్లంతా తేలికైంది. టీ కొట్టాయన అందరికీ కొత్తగా టీ పోశాడు, గిన్నెలో మిగిలిన పాలతోనే.

మావయ్య గ్లాసు అందుకుని, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఒసేయ్ పిల్లా, విను. వాళ్లు రమ్మంటే ఆ వేదిక మీద మాట్లాడేది నువ్వే. నేను పక్కన నోరు మూసుకుని నిలబడతాను. మొదట్నుంచీ చివరిదాకా ఒక్క ముక్క మాట్లాడను."

టీ కొట్టాయన గిన్నె దించి, తువ్వాలు భుజాన వేసుకుని ఆయన వైపు తిరిగాడు.

"భూమి ఆగిందన్నారు, సరే అని ఊరుకున్నాను. కార్లతో ఓడ నడిపామన్నారు, అదీ ఊరుకున్నాను. కోతలకైనా ఒక హద్దుండాలి గురువుగారూ."