సదానందం చేసిన ఓపెనింగ్

చొప్పదండిల మా హైస్కూల్ గేటుకు ఎదురుంగ బుచ్చవ్వ చాయ్ హోటల్ ఉంటది. ఆ దినం పొద్దుగాల పదిన్నరకు సదానందం గేటు దిక్కు మొఖం పెట్టి బెంచీ మీద కూసున్నడు. లోపల కంప్యూటర్ రూంల ఆయన బిడ్డ నవత, ఆమె క్లాసోళ్లు కలిసి తీసిన సీరియల్‌ను జిల్లా నుంచి వచ్చిన సార్లు చూస్తుండ్రు. నచ్చితే కరీంనగర్ల పెద్ద తెర మీద ఏస్తరట. పిల్లల తల్లిదండ్రులందరు లోపలనే ఉన్నరు, సదానందం ఒక్కడే బయట. షూటింగ్ నాడు ఏదో అడ్డం పోయి అంత కరాబ్ చేసిండని, ఎనిమిది దినాల సంది నవత బాపుతోని ఒక్క మాట మాట్లాడుతలేదు. 'ఇయ్యాల గేటు దాటి రావద్దను' అని వాళ్ల తల్లితోని చెప్పిపిచ్చిందట. గీ సంగతి ఊరందరికి ఎర్కే. ఎర్క లేనట్టు కూసున్నది ఆయన ఒక్కడే.

"లోపలికి పోలేదేందన్నా?" అని ఆటో మల్లేష్ అడిగిండు.

"నేనెందుకు పోత తమ్మీ? వండినోడే పంక్తిల ముందుగాల కూసుంటే బాగుంటదా? తినేటోళ్లు తిననీ. బుచ్చవ్వా, ఒక చాయ్ పొయ్యి, చక్కెర జర తక్కువెయ్యి."

"అంటే నువ్వే తీసినవా?"

"నేను కాకపోతే ఎవలు తీసిండ్రనుకున్నవ్? ఇగ విను. ఒకనాడు నేను బువ్వ తింటున్న, మా నవత వచ్చి పక్కన కూసున్నది. 'బాపూ, కథ ఉన్నది, పిల్లలున్నరు, అన్ని ఉన్నయ్ గని ఓపెనింగ్ ఒక్కటే కుదురుతలేదు' అన్నది. పదో తరగతి పిల్లల ముచ్చట అది, పేరు 'నాలుగు గంటలు కొట్టినంక'. మొదట ఒక నిమిషం ఉంటదట, బడి కనవడాలె, పిల్లలు కనవడాలె, చూసెటోడు లేచి పోవద్దు. నేను చెయ్యి సుత కడుక్కోలే. 'కాయితం తే బిడ్డా' అన్న. నాలుగే గీతలు గీసిన. గిది గేటు, గిది గంట, గిది చింతచెట్టు, గిది నువ్వు. పిల్ల దాన్ని చూసి చూసి, 'గింత చిన్న సంగతి మాకెందుకు తట్టలే బాపూ' అన్నది."

"గా కాయితం నేను చూసిన. కిరాణం చిట్టీ అది" అన్నది బుచ్చవ్వ.

"కాయితానికి రెండు దిక్కులుంటయ్ గదవ్వా. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? బడిని పైకెళ్లి చూపియ్యాలె అన్నరు పిల్లలు. దానికి డ్రోన్ కావాలె, పెండ్లిళ్లల్ల నెత్తి మీద జుయ్యిమని తిరుగుతది చూడు, గది. హెడ్మాస్టర్ మమతారాణి మేడం 'డ్రోన్ తేవద్దు, ఎవని నెత్తి మీదన్న పడ్తది' అని ఖరాఖండిగ చెప్పింది. పిల్లలు పరేషాన్. మా నవత కండ్లల్ల నీళ్లు. నేనన్న, 'పన్నెండేండ్లు మస్కట్ల ఉన్నోన్ని, షేకులకే సలహాలు చెప్పినోన్ని, ఉండంగ మీకు ఫికరెందుకు' అని సిమెంటు సంచులు చింపి పతంగి చేసిన. గీ మీరు ఎగిరేసే పతంగి కాదు, మంచమంత. సాయిచంద్ అని కెమెరా పట్టే పిలగాడున్నడు, వాని ఫోన్ తీసి దానికి కట్టిన. లేచింది చూడు, మీది గాలికి లేచింది. మాంజా ఖతమైంది, పతంగి ఇంక కావాలంటది."

"మరి కిందికి దించక పోయినవ్" అన్నడు మల్లేష్.

"దించుతే ఏం మజా? మా బామ్మర్ది సిరిసిల్లల బట్ట నేసే సాంచాలు నడుపుతడు. ఫోన్ చేసి, 'బామ్మర్దీ, నూలు కొస ఇటు ఇయ్యి' అన్న. వాడు ఇచ్చిండు, నేను పతంగికి ముడేసిన. అది గుంజుతాంటే సిరిసిల్లల సాంచాలన్ని ఉల్టా తిరిగినయ్. నేసిన బట్ట మళ్ల నూలైంది. గప్పుడు వాళ్లు బడి పిల్లల యూనిఫాం బట్ట నేస్తుండ్రు. ఒక తాను, పది తాన్లు, గోదాం ఖాళీ. అదైనంక దుకాండ్లల్ల ఉన్న బట్ట. ఆఖరికి మన బడి పిలగాండ్లు తొడుక్కున్న అంగీలు సుత చేతుల కాడికెళ్లి ఊడుడు షురూ అయింది. నిండు చేతుల అంగీలు పొట్టి చేతులైనయ్."

"అవి ముందుగాల సంది పొట్టి చేతులే గదన్నా" అన్నడు మల్లేష్.

"ఎందుకు పొట్టిగున్నయో ఇయ్యాల ఎర్కైందా మరి?"

సదానందం చాయ్ ఒక గుక్క తాగి గేటు దిక్కు ఒకసారి చూసిండు. లోపలి నుంచి పిల్లల నవ్వులు వినవడ్డయ్. ఎందుకు నవ్వుతుండ్రో మాకు ఎర్క లేదు, ఆయనకు అసలే ఎర్క లేదు. మొఖం జర చిన్నగైంది గని జల్ది సర్దుకున్నడు.

"ఎక్కడున్నం? ఆఁ, పతంగి. మానేరు దాటింది. నేను ఈడ ఇంకో ఫోన్ల అంత చూస్తున్న. చెన్నూరు కాడ గోదావరి ఒడ్డుకు ఇద్దరు ఆడోళ్లు బట్టలుతుకుతుండ్రు, తలకాయలు మీదికెత్తి 'సదానందం, బాగున్నవా, బిడ్డ మంచిగ చదువుతుందా' అన్నరు. 'మస్తు చదువుతుంది అక్కా' అన్న. ఇంకింత దూరం పోయి జైనూర్ గుట్టల మీద ఆగింది. మబ్బులు, చలి, ఫోనుకు దగ్గు వచ్చింది. సరిగ్గ గదే టైముకు మన బడిల ప్రేయర్ గంట కొట్టిండ్రు. ఫోన్ స్పీకర్ల ఉన్నది గద, గంట సప్పుడు పోయి అడివంత మోగింది. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? జింకలు, కొండెంగలు, నెమళ్లు, అన్ని వచ్చి ఎత్తును బట్టి లైన్లు కట్టినయ్. చేతులు ముందటికి సాపి దూరం చూసుకున్నయ్. పులి ఒక్కటి ఆలిశ్యంగ వచ్చింది. ఆలిశ్యంగ వచ్చిన పిలగాండ్లు నిలవడ్డట్టు లైను బయట నిలవడ్డది, చేతులు కట్టుకొని."

"పులి చేతులు కట్టుకుంటదా?"

"నీకు మమతారాణి మేడం సంగతి ఎర్క లేదు తమ్మీ. ఆమె గంట వింటే ఏదైనా కట్టుకుంటది."

"సరే గని అన్నా, కొబ్బరికాయ ముచ్చటేంది?" అన్నడు మల్లేష్ మెల్లగ. "షూటింగ్ నాడు నీ చేతుల ఉండె అంటుండ్రు."

సదానందం ఖాళీ గిలాసను నోటికి పెట్టుకొని లేని చాయ్ తాగిండు.

"గా ముచ్చట తర్వాత. చెప్తాంటే నడుమ అడ్డం రావద్దు. అడ్డం వచ్చుడు మంచి అలవాటు కాదు. ఎక్కడున్నం? ఇగ అసలు షూటింగ్ నాడు. మరునాటి సంది పరీక్షలు, మేడం ఒక్క దినానికే పర్మిషన్ ఇచ్చింది. టెన్తోళ్లు నూటిరువై మంది లైన్ల నిలవడ్డరు. నాలుగు గంటల ఎండ పసుపు రాసినట్టు పిల్లల మొఖాల మీద పడాలె. సూస్తే ఏమున్నది, పొద్దుగూకింది. చీకటి. నవత నా దిక్కు చూసింది, 'బాపూ, ఇగ నువ్వే దిక్కు' అన్నది. బిడ్డ అట్లంటే ఏ తండ్రి ఊకుంటడు చెప్పు? పతంగి దారం తిప్పి పొద్దుకు ఏసిన, బర్రెకు తలుగు ఏసినట్టు. ఒక్క గుంజు గుంజిన, రాలే. మస్కట్ల తిన్న ఖర్జూరాలు యాది చేసుకొని ఇంకో గుంజు గుంజిన. గుట్ట ఎనుకకెళ్లి ఎర్రగ మెల్లగ మీదికొచ్చి గా చింతచెట్టు మీద కూసున్నది. కావాలంటే బుచ్చవ్వను అడుగుండ్రి. గా దినం రెండుసార్లు పొద్దుగూకింది, ఆమె బర్రెకు రెండుసార్లు పాలు పిండింది."

"నా బర్రె వట్టిపోయి మూడు నెలలాయె" అన్నది బుచ్చవ్వ. "నువ్వు తాగేది పాకెట్ పాలు."

"గా గుంజుడుకే బెదిరి వట్టిపోయింది అది. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? గంట కొట్టిండ్రు, గేటు తెరిసిండ్రు, పిల్లలు ఉరికిండ్రు, పొద్దు ఈడ, పతంగి ఆడ, పులి చేతులు కట్టుకొని చూస్తుంది, ఒక్క నిమిషంల అంత బరాబరైంది. అయినంక నా బిడ్డ ఉరికొచ్చి నా రెండు చేతులు పట్టుకొని, 'బాపూ, నువ్వు లేకుంటే మాకు ఓపెనింగే లేదు' అన్నది."

గా మాట కాడ ఆయన తన రెండు చేతుల దిక్కు చూసుకున్నడు. పొద్దును గుంజినప్పుడు సుత అట్ల చూసుకోలే.

"గది మాత్రం నిజమే" అని ఎనుకకెళ్లి ఎవరో అన్నరు.

తిరిగి చూసినం. నవత. చేతుల ఫోన్ పట్టుకొని ఎప్పుడొచ్చి నిలవడ్డదో మాకు సోయి లేదు. సదానందం లేచి నిలవడ్డడు, మళ్ల కూసున్నడు. ఆ పిల్ల బాపు దిక్కు చూడలే, బుచ్చవ్వ దిక్కు తిరిగింది.

"అవ్వా, అసలైంది నేను చెప్త. 'రేపు మా సీరియల్ ఓపెనింగ్' అని ఇంట్ల అన్న. ఓపెనింగ్ అంటే మొదట పేర్లు పడే ముక్క. పది దినాలు కాయితాల మీద గీసుకున్నం. గంట కొడ్తరు, గేటు తెరుస్తరు, మేమందరం ఉరికొస్తం, సాయిచంద్ బయట ఫోన్ పట్టుకొని ఎనుకకు నడుస్తడు. ఒక్కటే షాట్. తప్పితే మళ్ల తీసుడు లేదు, తెల్లారితే పరీక్షలు. ఈయన ఓపెనింగ్ అంటే బట్టల దుకాణం ఓపెనింగ్ అనుకున్నడు. ఇస్త్రీ తెల్లంగి తొడుక్కొని వచ్చి, బంద్ ఉన్న గేటుకు బయటికెళ్లి ఎర్ర రిబ్బన్ కట్టిండు. నేనే కట్టుమన్న అనుకొని సాయిచంద్ ఏమనలే. గంట కొట్టిండ్రు, గేటు తెరిసిండ్రు, మేం ఉరికినం. సూస్తే నడుమ ఈయన, ఒక చేతుల కత్తెర, ఒక చేతుల కొబ్బరికాయ. 'ఆగుండ్రి, ఆగుండ్రి, మేడం వచ్చి రిబ్బన్ కత్తిరియ్యాలె' అంటుండు."

"ఆగిండ్రా మరి?" అన్నడు మల్లేష్.

"నూటిరువై మందిమి, ఎట్ల ఆగుతమన్నా? ఇంకో షాట్ లేక ఆఖరికి గదే పెట్టినం."

ఫోన్ బల్ల మీద పెట్టింది. అందరం తలకాయలు పెట్టి చూసినం. గంట మోగింది. గేటు తెరుచుకున్నది. ఎర్ర రిబ్బన్ నడుముకు చుట్టుకొని, కత్తెర జారి, ఒక కాలి చెప్పు పోయి, కొబ్బరికాయను సంకల పిల్లను పట్టినట్టు పట్టుకొని సదానందం ముందటికి ఉరుకుతుండు. ఎనుక నూటిరువై మంది పిల్లలు నవ్వుకుంట, లొల్లి పెట్టుకుంట వస్తుండ్రు. రిబ్బన్ ఇంకో కొస పట్టుకొని ఇద్దరు పిలగాండ్లు ఉరుకుతుండ్రు. మీద నాలుగు గంటల ఎండ, ఎవలు గుంజకుంటనే వచ్చింది, అందరి మొఖాల మీద పడ్తుంది. ఒక్కొక్కరి పేరు పడ్డది. కథ నవత. కెమెరా సాయిచంద్. అట్ల అట్ల పోయి, సదానందం చింతచెట్టుకు ఆనుకొని రొప్పుతాంటే ఆఖరు పేరు పడ్డది.

'అడ్డమొచ్చినోడు: మా బాపు.'

మల్లేష్ నవ్వి నవ్వి బెంచీ మీదికెళ్లి జారిండు. సదానందం నవ్వలే. ఫోన్ మీద గా అక్షరాలు పోయినంక సుత అక్కడనే చూస్తుండు.

"సార్లు మూడుసార్లు ఎనుకకు తిప్పి చూసిండ్రు" అన్నది నవత. ఎనిమిది దినాలల్ల మొదటిసారి ఆయన దిక్కు తిరిగింది. "బాపూ, మనది కరీంనగర్ పోతుంది. సార్లు నిన్ను చూస్తరట, రా. గా పెద్దమనిషి గంత మంచిగ భయపడ్డట్టు ఎట్ల యాక్టింగ్ చేసిండని అడిగిండ్రు."

"నువ్వేమన్నవ్ బిడ్డా?"

"మా బాపుకు యాక్టింగ్ రాదు సార్, నిజంగనే భయపడ్డడు అన్న."

నవత చెయ్యి సాపింది.

"కొబ్బరికాయ ఏది?"

సదానందం బండి దగ్గరికి పోయి డిక్కీ తీసిండు. తువ్వాలల చుట్టి ఉన్నది కాయ, గా నాటిదే.

"ఎనిమిది దినాల సంది దాచినవా?"

"ఓపెనింగ్ కాలే గద బిడ్డా" అన్నడు. కండ్లు తుడుచుకున్నడు, పొయ్యి పొగ అని మాకెవలకు చెప్పలే.

"ఇప్పుడైంది, కొట్టు."

హోటల్ ముందటి రాయి మీద ఒక్క దెబ్బకు కొట్టిండు. మొదటి ముక్క బిడ్డ చేతుల పెట్టిండు. మేమందరం ఇగ పెద్ద కోత ఒకటి వస్తదని తయారుగ ఉన్నం. ఆయన ముక్కలు పంచుకుంటనే ఉన్నడు. ఆఖరికి బుచ్చవ్వనే అడిగింది.

"ఆ తర్వాత ఏమైంది సదానందం? పులిని లోపలికి రానిచ్చిండ్రా?"

"పులి లేదవ్వా, పతంగి లేదు" అన్నడు. "నా బిడ్డ నాతోని మాట్లాడింది, గంతే."

"అయితే గా రెండో చిప్ప సుత పంచు" అన్నది బుచ్చవ్వ. "సదానందం నిజం మాట్లాడుడుకు ఇయ్యాలనే ఓపెనింగ్."