ఎర్ర డబ్బా పడ్డ చోటు

కెమెరా మంచిగుందంటవేందే అంబదాసన్నా? ముప్పై ఏండ్లసంది ఈ సలాబత్‌పురల కెమెరాలు విప్పి బాగుచేస్తున్నవ్. జర సక్కగ చూసి చెప్పరాదు! ఇట్ల పట్టుకోంగనె అట్ల వాపస్ ఇస్తవేంది?

మంచిగుంటె నేనెందుకొస్త? నాకు వేరే పని లేదా?

మళ్ల కన్ను పెట్టు. బటన్ సగం ఒత్తు. లోపట చిన్న చిన్న డబ్బాలు కనవడ్తయి గద, అండ్ల ఒకటి ఎర్రగ మెరుస్తది. ఏడ మెరిస్తె ఆడ ఫోకస్ పడ్డట్టు. కింద పచ్చ సుక్క కదలకుంట నిలవడితె కలిసినట్టు, టుక్కు టుక్కు కొట్టుకుంటె కలువనట్టు. నేను మగ్గం ఇడిచిపెట్టి పెండ్లి ఫోటోలకు దిగిన కొత్తల నువ్వే గద నేర్పింది!

మరి నిన్న ఉట్టి గోడ దిక్కు పెడితె ఆ సుక్క ఎట్ల నిలవడ్డది? గీత లేదు, మరక లేదు, తెల్ల సున్నం గోడ. సాదా గోడ మీద ఫోకస్ పట్టదని నువ్వే అన్నవ్. నాకు పట్టిందన్నా! ఎర్రగ మెరిసింది, కుయ్యిమన్నది. ఆడ ఎవరున్నరని పట్టింది?

ఆఁ? ఈ గోడ మీద నీకు పడ్తలేదా? సుక్క కొట్టుకుంటున్నదా?

గట్లెట్ల! ఇంకోసారి చూడు. నీ కాళ్లు మొక్కుత, ఇంకొక్కసారి.

మెల్లగ మాట్లాడన్నా, మా ఊర్మిళక్క బయట ఆటోల కూసున్నది. కెమెరా ఖరాబైందని నీ నోటితోని వింటెగని ఇంటికి పోదట. బావ పోయి ఇయ్యాల్టికి ఇరవై దినాలు. డుమస్ కాడ సముద్రంల మునిగి పోయిండు. సావుకు నువ్వు గూడ వొచ్చినవ్ గద.

ఉమాకాంత్ బావ సంగతి నీకెర్కే. పరాచికాలకు పెట్టింది పేరు! నేను ఏ పెండ్లిల ఫోటో తీసినా ఎన్కకెల్లి చెయ్యి లేపి ఊపుడే. ఎన్ని ఫోటోలు నాశనం చేసిండో. "నేను లేని ఫోటో గూడ ఒక ఫోటోనారా బామ్మర్ది" అని పండ్లికిలిచ్చుడు. అక్క మొగడాయె, ఏమంటం? తిట్టి ఊకుందును.

ఆ దినం డుమస్ కాడ ఒక కొత్త జంటకు ఫోటోలు తీయ పోయిన. బావకు కార్ఖానల సెలవు, నేను గూడొస్త అని నా బండెక్కిండు. జంటను సముద్రం దిక్కు ఈపు పెట్టి నిలవెట్టిన. పిల్ల సిగ్గుపడి జర ఎడంగ నిలవడ్డది. నడిమి డబ్బా ఇద్దరి సందుల పడ్డది. ఎర్రగ మెరిసింది, పచ్చ సుక్క నిలవడ్డది. నొక్కిన.

తెర మీద పెద్దగ చేసి చూసిన. జంట మొఖాలు మసక. సందులకెల్లి దూరంగ, నీళ్లల్ల బావ. చెయ్యి లేపిండు. వేళ్లు లెక్కవెట్టొచ్చు, గంత సాఫ్.

ఆయనకు ఈత రాదని నాకెరుక. నాకెరుకే అన్నా! అయినా నోట్లకెల్లి ఏమొచ్చింది? "థూ, ఈడ గూడ మొదలువెట్టినవా" అన్న. నవ్వుకుంట అన్న.

గది ఆ పెండ్లిపిల్ల ఇన్నది. ఇని, సావుకొచ్చినప్పుడు అక్కకు చెప్పింది. అక్క అడిగింది, "తమ్మీ, ఫోటో చూసి ఎవర్ని తిట్టినవ్? మీ బావ కనవడ్డడా?" అని. లేదే అక్కా, కెమెరాను తిట్టిన, ఫోకస్ తప్పుతున్నది, ఖరాబైంది అన్న. అప్పటిసంది ఎవ్వర్ని తీయబోయినా, డబ్బా మనిషిని ఇడిచి పక్కకు పోయి మెరుస్తున్నది. నీకు కనవడ్తలేదంటవ్. నాకొక్కనికేనా కనవడేది?

ఖరాబే అని ఒక్క మాట చెప్పు. అబద్ధమే, అయితేంది? ఇద్దరు చిన్న పిల్లలు ఆమెకు. ఉన్న తోడవుట్టినోన్ని నేనొక్కన్నే.

ఏంది, చెప్పవా? ఆయన కోసం నువ్వు గూడ ఏడ్చినవ్, అందుకని అబద్ధమాడవా?

అగో, అక్క ఆటో దిగుతున్నది. నీకైన నిజం చెప్త, తర్వాత నీ ఇష్టం. ఆ దినం కెమెరా తప్పు చెయ్యలే. అది సీదా ఆయన మీదికే పోయింది. నేనే రెండడుగులు పక్కకు జరిగిన, బావ ఫోటోల రాకుండ. జరిగి, డబ్బాను పెండ్లిపిలగాని కాలర్ మీద పెట్టి, ఇంకో నలభై ఫోటోలు తీసిన. ఒక్కటి సుత మసక రాలేదన్నా.