రేపల్లెలో ఆ రోజు వాన

రేపల్లెలో పాతికేళ్ళుగా రోజూ వాన కొలిచిన ముత్తయ్య పోయి పదిహేను రోజులైంది. ఆయన భార్య వరమ్మ ఆయన వాన లెక్కలు రాసిన నోటుబుక్కు అప్పజెప్పడానికి బాపట్ల వాతావరణ ఆఫీసుకు వచ్చింది. కంప్యూటర్ ముందున్న అమ్మాయి ఆఖరి పేజీ తిప్పింది.

“తుఫాను రోజుది ఖాళీగా ఉందండి.”

“అవునమ్మా, ఖాళీయే.”

“ఫర్వాలేదండి. ఆ రోజు తెనాలిలో, బాపట్లలో ఎంత పడిందో చూసి, సగటు కట్టి, రేపల్లె వరసలో ఈ కంప్యూటరే నింపేస్తుంది.”

“ఎంతొచ్చింది?”

“అరవై రెండు మిల్లీమీటర్లు.”

“మా వాకిట్లో మోకాలి లోతు నీళ్ళమ్మా.”

“కొలిచింది లేనప్పుడు పక్క ఊళ్ళ లెక్కే తీసుకోవాలండి.”

“సరే, అలాగే వెయ్యి.”

వరమ్మకు ఏడుపు రాలేదు. ఆ అంకె ఇంకెవరి ఊరిదో అన్నట్టు చూస్తూ కూర్చుంది.

“కొలిచినవాళ్ళ పేరు దగ్గర ఏమీ రాయనండి. ఆ రోజు ఎవరూ కొలవలేదు కదా.”

“ఆయన పేరే ఉంచమ్మా. పొద్దున్నే గొడుగేసుకుని కొలవడానికే బయల్దేరారు. దారిలో కరెంటు తీగ తెగి పడుంది. నీళ్ళలో కనపడలేదు.”

అమ్మాయి అరవై రెండు పక్కన ముత్తయ్య పేరు టైపు చేసింది.