గో అండ్ కమ్

దక్షిణ కొరియాలో మిర్యాంగ్ ఊరు, 2007 జూలై. మాల్‌సూన్ ఇంటి పై వాటాలో అద్దెకుంటున్న ఐరిష్ టీచరు ఓర్లా పెట్టె సర్దుకుంటోంది. మాల్‌సూన్ మంచం అంచున కూర్చుంది. ఆమె మనవరాలు బోరం, ఓర్లా దగ్గరే ఇంగ్లీషు నేర్చుకునే పదహారేళ్ళ పిల్ల, గుమ్మంలో నిలబడి ఉంది.

“మూడు వారాలకి ఉన్ని కోటు దేనికమ్మా?”

“మా ఊళ్ళో జూలైలో కూడా చలే, నానమ్మా. నువ్వు నమ్మవు గానీ.”

“నమ్మను. బోరం, ఆ కోటు తీసి బీరువాలో పెట్టు. కోటు ఇక్కడుంటే మనిషి వస్తుంది.”

“టీచర్ కంటే ముందు ఈ వాటాలో ఉన్న కెనడా సారు గిటారు ఇక్కడే పెట్టి వెళ్ళాడుగా నానమ్మా. వచ్చాడా?”

“నువ్వు నోరు మూసుకో. పది రోజులని చెప్పి పోయాడు. మూడేళ్ళుగా ఆ గిటారుకి దుమ్ము దులపలేక చస్తున్నా.”

“నేను వస్తాను. కొత్త ఒప్పందం మీద సంతకం కూడా పెట్టాను.”

“ఆయనా పెట్టాడు.”

“ఒసేయ్ నానమ్మా, నన్ను నమ్మవే.”

“టీచర్, ఒసేయ్ అనకూడదు. ‘నమ్మండి’ అనాలి. ఎన్నిసార్లు చెప్పాను?”

“మీ క్లాసులో అందరూ ఇట్లాగే మాట్లాడతారు కదా.”

“మాలో మేం మాట్లాడుకుంటాం. మా దగ్గర కొరియన్ నేర్చుకుని డెబ్బై ఏళ్ళావిడ మీద ప్రయోగిస్తే ఎట్లా? మొన్న పోస్టాఫీసులో పెద్దాయన్ని ఏమన్నారో గుర్తుందా?”

“‘ఏరా, స్టాంపులున్నాయా’ అన్నాను. ఆయన నవ్వాడు.”

“నవ్వలేదు టీచర్. ఆయన మొహమే అంత.”

“పోనీలేవే బోరం. రెండేళ్ళుగా వింటున్నా, అలవాటైపోయింది. నన్ను ఒసేయ్ అనేవాళ్ళు ఇంకెవరు మిగిలారు గనక. ఇదిగో తల్లీ, ఈ డబ్బా కూడా పెట్టుకో.”

“ఏంటిది?”

“కిమ్చీ పచ్చడి. నాలుగు కవర్లు చుట్టాను.”

“నాలుగు చుట్టినా వాసన వస్తోంది. విమానంలో నా పక్క సీట్లన్నీ ఖాళీ అయిపోతాయి.”

“మంచిదేగా. కాళ్ళు చాపుకుని పడుకో.”

“సరే, సరే, పెడతాను. నానమ్మా, ఇటు చూడు. చూడండి. మీకు ఒక మాట చెప్పాలి. నిన్న క్లాసులో పిల్లలు నేర్పారు.”

“ఏం మాట?”

“నేను చెప్తా నానమ్మా. మేమంతా ఇంగ్లీషు వ్యాసాల్లో ‘గో అండ్ కమ్’ అని రాస్తాం. టీచర్ రెండేళ్ళుగా దాన్ని ఎర్ర సిరాతో కొట్టేస్తున్నారు.”

“కొట్టక? ‘అమ్మతో గో అండ్ కమ్ అని చెప్పి బడికి వెళ్ళాను’ అట. వెళ్తే వెళ్తానని రాయాలి, వస్తే వస్తానని రాయాలి. వెళ్తూ వెళ్తూ రావడమేమిటి? ముప్పై మందీ అదే తప్పు. ఒకళ్ళది చూసి ఒకళ్ళు రాస్తున్నారనుకుని అందరికీ మార్కులు కోశాను.”

“నాకు నాలుగు కోశారు.”

“నిన్న గట్టిగా నిలదీస్తే చెప్పారు. ‘వెళ్ళొస్తాను’ అని మీరు ఇల్లు దాటేటప్పుడల్లా అనే మాటట. మాకు అట్లాంటి మాటే లేదు నానమ్మా. మాకు వెళ్ళడమంటే వెళ్ళడమే. అందుకని పొద్దున్నుంచీ అద్దం ముందు నిలబడి నేర్చుకున్నాను, మర్యాదతో సహా. వినండి. నానమ్మగారూ, నేను వెళ్ళొ—”

“సాక్సులు పెట్టుకున్నావా?”

“పెట్టుకున్నాను. నానమ్మగారూ, వెళ్ళొ—”

“ఎన్ని జతలు?”

“ఆరు. వెళ్ళొ—”

“ఆరేం సరిపోతాయి? బోరం, కింద నా అరలో కొత్తవి ఉన్నాయి, తీసుకురా.”

“ఉండు నానమ్మా, టీచర్‌ని పూర్తి చెయ్యనీ. పాపం, రెండక్షరాల దగ్గరే ఆగిపోతున్నారు.”

“బస్సు ఎన్నింటికి?”

“తొమ్మిదిన్నరకి. ఇంకా గంట ఉంది. నానమ్మగారూ, వెళ్ళొ—”

“గంటేనా? మీ నాన్నకి నా దండాలు చెప్పు. మోకాలు ఎట్లా ఉందో అడిగి రా. అడిగి రావాలి, విన్నావా?”

“నానమ్మా, నువ్వు కావాలనే చేస్తున్నావు.”

“నేనేం చేశానే?”

“నాతోనూ ఇంతే. బడికి పోతూ ఆ మాట అనబోతే కుళాయి తిప్పుతావు. నాన్న అనబోతే దగ్గు మొదలుపెడతావు. ఊళ్ళో అందరూ చెప్పి వెళ్తారు, మనింట్లో మాత్రం దొంగల్లా జారుకుంటాం. పక్కింటావిడ మాకు పెంపకం లేదనుకుంటోంది.”

“అనుకోనీ.”

“నేను తప్పుగా పలుకుతున్నానా, నానమ్మా?”

“లేదు తల్లీ. చక్కగా పలుకుతున్నావు. అదే నా భయం.”

“భయమెందుకు?”

“ఎందుకూ లేదు. మీ ఊళ్ళో బయల్దేరేటప్పుడు ఏమంటారో అదే అను.”

“‘పోతున్నా’ అంటాం. అంతే.”

“భేషుగ్గా ఉంది. అదే అని పో.”

“ఇన్నాళ్ళూ బాగానే ఉండేది. ఇప్పుడు నాకే మొరటుగా వినిపిస్తోంది. రెండేళ్ళు అన్నం పెట్టారు మీరు, ఒక్క మాట చెప్పి వెళ్ళనివ్వరా? ఆ మాటకి అర్థం తిరిగొస్తాననే కదా. మీకు నేను రావాలనే కదా?”

“రావాలి. అందుకే వద్దంటున్నా.”

“నానమ్మా, తిన్నగా చెప్పు. ఏమైంది?”

“ఏమవుతుంది. మా అన్న ఉండేవాడు, తేసిక్ అని.”

“నీకు అన్నయ్య ఉన్నాడా? ఎప్పుడూ చెప్పలేదే.”

“అప్పటికి నీకంటే ఒక్క ఏడాది పెద్ద, అంతే. బడిలోంచి పిల్లల్ని యుద్ధానికి తీసుకుపోతున్నారు అప్పుడు. వాకిట్లో నిలబడి, బడి టోపీ తీసి, అమ్మకి వంగి దండం పెట్టాడు. చిన్నదాన్నని చూడకుండా నాకూ పెట్టాడు. ఆ మాట అన్నాడు. తొందరపడలేదు, ఒక్క అక్షరం మింగలేదు. అంత చక్కగా అన్నవాళ్ళని నేను మళ్ళీ చూడలేదు. 1950 ఆగస్టు మూడో తారీఖు, గురువారం. మా అన్న తిరిగి రాలేదు.”