సర్వర్‌కు ఆయుధ పూజ

దసరా పొద్దున, సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖాన సర్వర్ గది. పండుగకు మిర్యాలగూడ బస్సెక్కాల్సిన కంప్యూటర్ టెక్నీషియన్ నల్ల తెర మీద కమాండ్లు కొడుతూ విసిగిపోయి ఉన్నాడు. వెనకే మేనేజరు.

“స్కాన్ రిపోర్టులు తెరుసుకుంటలేవు. డాక్టర్ తిడుతుండు. ఏమైంది?”

“పూజకని మొదటి సర్వర్ ఆపిచ్చింది మీరే గద సార్. పనంతా రెండోదాని మీద పడ్డది. గీడ సూడుండ్రి, దీని లోపల తొవ్వ సూపే వర్చువల్ స్విచ్‌కు స్కాన్ మిషన్ల నెట్‌వర్క్ నంబరే పెట్టలే, అందుకే రిపోర్టులు అందుతలేవు.”

“మరి పెట్టు.”

“పెట్టిన, వస్తున్నయి. ఇగ పోత సార్, పిల్లలు ఎదురుసూస్తున్నరు.”

“జర ఆగు. ఒకదానికే బొట్టు పెడితే ఎట్ల? దీన్ని కూడ ఆపు.”

“ఇది ఆపితే మొత్తం ఖతం సార్! మొదటిది దండలతోనే ఉన్నది, ఇంకా ఆన్ చెయ్యలే.”

“అయితే అది లేసేదాక ఉండు, తర్వాత దీన్ని ఆపుదువు. పండుగ యాడికి పోతది?”

టెక్నీషియన్ వెళ్దామని వేసుకున్న చెప్పులు విప్పి మళ్ళీ కూర్చున్నాడు.